ఏ వెలుగులో చూస్తున్నాము?

ఒక సాయంకాలము మా ఇంట బల్లపై తెల్లగుడ్డ పరచి, టమాటాలు, పచ్చిమిరపకాయలు పెట్టి ఫోటోలు తీశాము. గది చీకటి చేసి, ఫ్లాష్ ముందు ఎర్ర జిలెటిన్ కాగితము అడ్డుపెట్టాము. ఫోటోలో టమాటాలు మెరిశాయి గాని మిరపకాయలు కుళ్లినట్లు నల్లగా కనబడ్డాయి. కాయలలో లోపమేమీ లేదు. వాటి పచ్చదనమును చూపే పచ్చని వెలుగు ఆ ఎర్రని కాంతిలో లేదు, అంతే.

తరువాత కెమెరాను స్టాండుపై నిలిపి, షట్టరు తెరచి ఉంచాము. అదే ఫ్లాష్‌ను ఎడమనుండి ఎర్ర కాగితముతో, కుడినుండి నీలి కాగితముతో ఒక్కొక్కసారి వెలిగించాము. ఎర్రని వెలుగుకు అడ్డుపడిన నీడ నీలముగాను, నీలి వెలుగుకు అడ్డుపడిన నీడ ఎర్రగాను వచ్చాయి!

స్కాట్లండు సంఘములో పెద్దగా ఉన్న శాస్త్రవేత్త జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1861లో లండనులో ఒక రిబ్బను ఫోటోను రంగులతో తెరపై చూపించారు. ఎరుపు, పచ్చ, నీలము అను మూడు వెలుగులను ఒకదానిపై ఒకటి వేసినప్పుడే రిబ్బను రంగులు కనబడ్డాయి. ఒక్క రంగు చాలలేదు.

ఆ సాయంకాలము కాగితము పట్టుకొని నిలిచినది మా అబ్బాయే. పరీక్ష తప్పాడని మూడు రోజులుగా వానితో మేము మాట్లాడలేదు. నల్లబడిన మిరపకాయల ఫోటో చూచి సిగ్గుపడ్డాము. కోపమనే కాగితము మన కన్నులకే అడ్డుగా ఉన్నది. ఆ రాత్రి వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని భోజనము చేశాము.

తొలిదినమున వెలుగును కలుగజేసిన దేవుడు మన బిడ్డలను ఆ వెలుగులో చూచు కన్నులను మనకు దయచేయును గాక.