చేయగలడా? చేస్తాడా?

తెల్లారకముందే మైదానంలో పరుగులు తీసే కుర్రాళ్లను ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో మీరూ చూసే ఉంటారు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెత్తితే సైన్యం ఎంపికలో పూర్తి మార్కులు. వాళ్ల ఆరాటమంతా దానికోసమే.

కానీ 2023లో అగ్నివీర్ ఎంపిక వరుస మారింది. అంతకుముందు పరుగు ముందు, రాత పరీక్ష తర్వాత. ఇప్పుడు కంప్యూటర్ మీద పరీక్ష నెగ్గితేనే ర్యాలీకి పిలుపు. లెక్కలు, సైన్సు, జనరల్ నాలెడ్జి, రీజనింగ్... 'బిట్లు పెట్టినవాడు బోర్డరులో నిలబడతాడా?' అని తండ్రుల అనుమానం.

ఇది వందేళ్ల నాటి అనుమానమే. 1917లో అమెరికా సైన్యం కోసం రాబర్ట్ యెర్క్స్ బృందం చదువొచ్చినవాళ్లకు 'ఆల్ఫా', రానివాళ్లకు బొమ్మలతో 'బీటా' పరీక్షలు తయారుచేసింది. 17 లక్షల మందికి పైగా రాశారు. ఆ మార్కుల్లో తెలివితోపాటు బడికెళ్లే అవకాశమూ కలిసిపోయిందని తర్వాత విమర్శలొచ్చాయి.

1980ల్లో అదే సైన్యం 'ప్రాజెక్ట్ ఎ' పేరుతో వేలమంది సైనికుల పనితీరును, వాళ్ల పరీక్ష మార్కులను పక్కపక్కన పెట్టి చూసింది. పని ఎంత బాగా చేయగలడో మార్కులు బాగానే చెప్పాయి. కష్టపడతాడా, క్రమశిక్షణతో ఉంటాడా అన్నది మాత్రం స్వభావాన్ని కొలిచే ప్రశ్నలే మెరుగ్గా చెప్పాయి. చేయగలగడం వేరు, చేయడం వేరు!

మన సైన్యానికీ ఈ తేడా తెలుసు. ఆఫీసర్ల ఎంపికలో సర్వీస్ సెలక్షన్ బోర్డు దాదాపు అయిదు రోజులపాటు అభ్యర్థి మనస్తత్వాన్ని, నలుగురిలో నడవడికను గమనిస్తుంది. అగ్నివీర్ ర్యాలీల్లోనూ అడాప్టబిలిటీ టెస్టు వచ్చింది.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని అందరూ 'మిలటరీ మాధవరం' అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ సైనికుల్ని పంపిన ఊరది. వాళ్లెవరూ కంప్యూటర్ ముందు కూర్చోలేదు. తాతను, తండ్రిని చూసి పెరగడమే వాళ్లకు పెద్ద శిక్షణ. గాలివాటం చూసి దోనె నడిపే కొల్లేటి కుర్రాడి నేర్పుకూ ఏ బిట్టు పేపర్లోనూ మార్కుల్లేవు.

అలాగని పరీక్షను తీసిపారేయకండి. నేటి సైనికుడి చేతిలో తుపాకీతోపాటు రేడియో సెట్టు, డ్రోను కూడా ఉంటాయి. అందుకే పొద్దున పరుగుకు పంపేవాళ్లు, సాయంత్రం గంటసేపు లెక్కల పుస్తకం ముందూ కూర్చోబెట్టండి. అప్పటికీ నాలుగు మార్కులు తగ్గి ఇంటికొస్తే, 'నువ్వు పనికిరావు' అని మాత్రం అనకండి. ఆ మాట ఏ పరీక్షా చెప్పలేదు!