కొల్లేటికి మనం వేస్తున్న ఎరువు

కొల్లేటిలో గుర్రపుడెక్క తీయించమని ఏటా అర్జీలు పెడుతున్నాం. తీయించవలసిందే. కాని తీసినచోటే అది మళ్లీ ఎందుకు పెరుగుతోంది? దానికి మేత వేస్తున్నది మనమే.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, డెల్టా మురుగు కాలువలు కొల్లేటిలో కలుస్తాయి. చేలో చల్లిన యూరియా, చేపల చెరువులో వేసిన కోళ్లపెంట, పట్టణాల మురుగు ఆ నీటితోనే వస్తాయి. సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. వరిని పెంచే నత్రజని, భాస్వరమే నాచునూ డెక్కనూ పెంచుతాయి. రాత్రివేళ నాచు నీటిలోని ప్రాణవాయువును పీల్చేస్తుంది. కుళ్లితే మిగిలిందీ పోతుంది. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరిచి పైకి తేలేది అందుకే. ముందు నష్టపోయేది వల మీద బతికే కుటుంబాలు. డెక్క ఉప్పుటేరుకు అడ్డుపడితే వరదనీరు ఎగదన్ని చేలూ మునుగుతాయి. రైతు డబ్బు పెట్టి కొన్న ఎరువే రైతు చేనును ముంచుతుందన్నమాట!

1999లో కొల్లేటిని ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టారు. హద్దుల మీద ఇంత వాదన జరిగింది. మురుగుకు మాత్రం కాంటూరు హద్దు లేదు.

రైతు చేయగల పని ఉంది. మట్టి పరీక్ష చేయించి, అవసరమైనంత భాస్వరం దమ్ములోనే వేయాలి. డీఏపీని పైపాటుగా చల్లడం మానాలి. యూరియాను దఫాలుగా, నీరు తీసి పదునులో చల్లి, ఒకటి రెండు రోజులకు నీరు పెట్టాలి. చల్లిన వెంటనే మురుగు కాలువకు గండి కొట్టరాదు. దీనివల్ల ఖర్చూ తగ్గుతుంది.

అయితే తప్పంతా రైతు నెత్తిన రుద్దడం న్యాయం కాదు. చెరువుల యజమానులు పట్టుబడి నీటిని కొంతకాలం నిలవబెట్టి, తేరిన తర్వాతే వదలాలి. పట్టణాలు మురుగును శుద్ధిచేసే పంపాలి. తీసిన డెక్కను గట్టు మీద పోస్తే వానకు కుళ్లి తిరిగి నీటిలోకే చేరుతుంది. దాన్ని దూరంగా తరలించి కంపోస్టు చేయించాలి.

అడుగు బురదలో చేరిన భాస్వరం ఏళ్ల తరబడి నీటిలోకి ఊరుతూనే ఉంటుంది. కనుక ఒక్క ఏడాదిలో ఫలితం ఆశించరాదు. అధికారులు ప్రతి మురుగు కాలువ మొగలో నెలకోసారి నీటిని పరీక్షించి, ఆ లెక్కలను పంచాయతీ కార్యాలయాల వద్ద అంటించాలి. ఎవరి వాటా ఎంతో తేలితే ఒకరినొకరు నిందించుకోవడం మాని ఎవరి పని వారు చేస్తారు.