‘యాక్సిడెంట్ రిపోర్టెడ్’ అని ఉంటే ఆ కారు కొనకూడదా?

ఎంఎస్‌కి వెళ్ళిన మన సీనియర్లు అమెరికాలో దిగాక మొదట అడిగేది రూమ్ గురించి, తర్వాత పార్ట్ టైమ్ గురించి, ఆ తర్వాత కారు గురించి. ఎక్కువ మంది బుద్ధిగా ఒక పాత కరోలానో సివిక్కో కొనుక్కుంటారు. ఉద్యోగం వచ్చాక మాత్రం కొందరికి చిన్నప్పుడు నీడ్ ఫర్ స్పీడ్‌లో నడిపిన మస్టాంగ్ గుర్తొస్తుంది. కొత్తది కొనేంత డబ్బు ఉండదు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతారు. రంగు బాగుంది, ఇంజిన్ బాగుంది, రేటు కూడా చేతిలో ఉన్న డబ్బుకి సరిపోయింది అనుకునేలోపు హిస్టరీ రిపోర్ట్‌లో ఒక లైను కనిపిస్తుంది: ‘యాక్సిడెంట్ రిపోర్టెడ్’.

అక్కడి నుంచి గ్రూపులో రెండు పార్టీలు తయారవుతాయి. ఒక పార్టీ “అసలు ముట్టుకోకు రా బాబూ” అంటుంది. ఇంకో పార్టీ “రేటు తగ్గింది కదా బ్రో, లైట్ తీస్కో” అంటుంది. నా అభిప్రాయం ఏంటంటే, ఈ రెండు పార్టీలూ చేస్తున్నది ఒకే పని. ఆ ఒక్క లైను చూసి నిర్ణయం చెప్పేస్తున్నాయి. ఆ లైను కారు గురించి మనకి నిర్ణయం చెప్పదు, ఏం అడగాలో చెప్తుంది. అడగడం మానేస్తే భయపడినా నష్టమే, ధైర్యం చేసినా నష్టమే.

ముందు ఆ రిపోర్ట్ అంటే ఏంటో చూద్దాం. మనం డేటాబేస్ క్లాసులో ప్రైమరీ కీ అని చదువుకుంటాం కదా, అమెరికాలో ప్రతి కారుకీ అలాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని విన్ నంబర్ అంటారు. 1981 మోడల్ నుంచి అది 17 అక్షరాలు, అంకెలతో ఉంటోంది. సున్నా, ఒకటి అంకెలతో కలిసిపోకుండా ఉండడానికి ఇంగ్లీషు అక్షరాల్లో ఐ, ఓ, క్యూ వాడరు. తొమ్మిదో స్థానంలో చెక్ డిజిట్ ఉంటుంది. మిగతా అక్షరాలకి విలువలు ఇచ్చి, గుణించి, కూడి, 11తో భాగిస్తే వచ్చే శేషం అది. శేషం 10 అయితే ఎక్స్ రాస్తారు. అంటే ఒక్క అక్షరం తప్పు కొట్టినా చాలావరకు అక్కడే దొరికిపోతుంది.

ఈ నంబర్ పెట్టి కార్‌ఫాక్స్, ఆటోచెక్ లాంటి కంపెనీలు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ ఆఫీసుల నుంచి, పోలీసు రిపోర్టుల నుంచి, ఇన్సూరెన్స్ కంపెనీల నుంచి, సర్వీస్ సెంటర్ల నుంచి సమాచారం తెచ్చి ఒకచోట పెడతాయి. ఇది కాక 1992లో వచ్చిన చట్టం కింద ఏర్పడిన ప్రభుత్వ వ్యవస్థ కూడా ఒకటుంది. కారు ఎప్పుడైనా టోటల్ లాస్ కింద పోయిందా, సాల్వేజ్ టైటిల్ పడిందా అన్నది అందులో తెలుస్తుంది.

ఇదంతా వినడానికి బాగుంది. కానీ ఇది ఒక లాగ్ ఫైల్ లాంటిది. ఎవరో ఒకరు రాస్తేనే అందులో ఎంట్రీ ఉంటుంది. ఓనర్ పోలీసుని పిలవకుండా, ఇన్సూరెన్స్‌కి చెప్పకుండా, తెలిసిన షెడ్డులో క్యాష్ ఇచ్చి డెంటింగ్, పెయింటింగ్ చేయించుకుంటే రిపోర్ట్‌లో ఏమీ కనిపించదు. అన్ని యాక్సిడెంట్లూ మా దగ్గరికి రావని ఆ కంపెనీలే తమ రిపోర్టుల్లో రాసుకుంటాయి. ప్రోగ్రామింగ్‌లో ‘నల్’కీ ‘జీరో’కీ తేడా ఏంటని ఫస్ట్ ఇయర్ వైవాలో అడిగితే అందరం టక్కున చెప్తాం. కారు దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా మర్చిపోతాం. ఎంట్రీ లేదంటే ‘మాకు తెలియదు’ అని అర్థం. ‘జరగలేదు’ అని కాదు.

మా బాబాయ్ వాళ్ళబ్బాయి డల్లాస్ దగ్గర ఉద్యోగం చేస్తాడు. అన్నయ్య కారు వెతికినప్పుడు చివరికి రెండు మస్టాంగ్‌లు మిగిలాయి. ఒకటి క్లీన్ రిపోర్ట్. రెండోదానికి యాక్సిడెంట్ ఎంట్రీ ఉంది, రేటు 3,000 డాలర్లు తక్కువ. మొదటిదాని మీద పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టిస్తే ఎడమవైపు ఫెండర్ మీద, డోర్ మీద మిగతా చోట్ల కంటే రెండింతలు పైన చూపించింది. ఫ్యాక్టరీ పెయింట్ మామూలుగా 100 నుంచి 180 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంత మందం ఉందంటే ఆ భాగానికి మళ్ళీ రంగు వేశారన్నమాట. అమ్మేవాడిని అడిగితే తనకేమీ తెలియదన్నాడు, అప్పటిదాకా మర్యాదగా మాట్లాడినవాడు విసుక్కున్నాడు కూడా. రెండో కారుని సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు వెనక నుంచి ఎవరో గుద్దారు. బంపర్ కవర్, డిక్కీ తలుపు మార్చారు. ఓనర్ దగ్గర రిపేర్‌కి ముందు తీసిన ఫొటోలు, బిల్లులు, వీల్ అలైన్‌మెంట్ ప్రింటౌట్ అన్నీ ఉన్నాయి. మా పెద్దనాన్న ఫోన్‌లో “యాక్సిడెంట్ బండి మనకొద్దు నాన్నా, మొదటిదే తీస్కో” అన్నారు. అన్నయ్య రెండోదే తీసుకున్నాడు. నేనైనా అదే తీసుకునేవాణ్ణి.

అలాగని యాక్సిడెంట్ ఎంట్రీ ఉన్న కార్లన్నీ మంచివని నేను అనడం లేదు. స్పోర్ట్స్ కారు విషయంలో భయపడడానికి నిజమైన కారణాలున్నాయి. ఆఫీసుకి వెళ్ళొచ్చే సెడాన్‌కి తగిలే దెబ్బలు ఎక్కువగా పార్కింగ్‌లోనో ట్రాఫిక్‌లోనో తగులుతాయి. మస్టాంగ్ జీటీలో 5 లీటర్ల వీ8 ఇంజిన్ ఉంటుంది, పవర్ మొత్తం వెనక చక్రాలకే వెళ్తుంది. తడి రోడ్డు మీద మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే వెనక భాగం పక్కకి జారిపోతుంది. అలా జారిన కారు వెళ్ళి ఫుట్‌పాత్ అంచుకి చక్రం కొట్టుకుంటే బయట ఒక్క గీత కూడా పడకపోవచ్చు. లోపల సస్పెన్షన్ ఆర్మ్, సబ్‌ఫ్రేమ్ వంగిపోతాయి. రిపోర్ట్‌లో మాత్రం ‘మైనర్ డ్యామేజ్’ అనే ఉంటుంది. కార్వెట్ ఇంకో రకం. 1953లో మొదలైనప్పటి నుంచి దాని బాడీ ఫైబర్ లాంటి పదార్థాలతోనే చేస్తున్నారు, రేకు కాదు. రేకులా సొట్ట పడదు కాబట్టి పైన కొత్త ప్యానెల్ బిగించేస్తే కింద ఫ్రేమ్ సంగతి ఎవరికీ కనిపించదు. పైన పటారం లోన లొటారం అన్న సామెత ఇలాంటి కార్ల కోసమే పుట్టిందేమో.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎయిర్‌బ్యాగ్. 2024లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. ఒకసారి గుద్దుకుని ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్న సెకండ్ హ్యాండ్ కార్లలో కొందరు అసలు కంపెనీది కాకుండా చౌకరకం విదేశీ ఇన్‌ఫ్లేటర్లు పెడుతున్నారు. తర్వాత ఇంకో ప్రమాదం జరిగినప్పుడు అవి పేలి లోహపు ముక్కలు డ్రైవర్ మెడలోకి, ఛాతీలోకి దూసుకెళ్ళాయి. బతికి బయటపడాల్సిన ప్రమాదాల్లో మనుషులు చనిపోయారు. కాబట్టి రిపోర్ట్‌లో ‘ఎయిర్‌బ్యాగ్ డిప్లాయ్డ్’ అని ఉండి, దాన్ని ఎవరు మార్చారో, ఏ పార్ట్ వేశారో చూపించే బిల్లు లేకపోతే, ఆ కారు సగం రేటుకి ఇచ్చినా వద్దు. ఇక్కడ నేను “ముట్టుకోకు” పార్టీలోనే ఉంటాను.

అందుకే ఆ లైను కనిపించగానే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. దెబ్బ ఎటువైపు తగిలింది? ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుందా? కారు నడుచుకుంటూ వెళ్ళిందా, టో చేసుకెళ్ళారా? ‘స్ట్రక్చరల్ డ్యామేజ్’ అనే మాట ఎక్కడైనా ఉందా? టైటిల్ మామూలుదేనా, సాల్వేజ్ అయి రీబిల్ట్ అయిందా? యాక్సిడెంట్ అయిన వెంటనే కారు వేరే రాష్ట్రానికి వెళ్ళిందా? అక్కడ నియమాలు రాష్ట్రానికొక రకంగా ఉంటాయి. ఆ తేడాని వాడుకుని టైటిల్ మీద మచ్చ కనిపించకుండా చేసేవాళ్ళున్నారు, దాన్ని టైటిల్ వాషింగ్ అంటారు. విన్ నంబర్‌ని ఒకసారి గూగుల్‌లో కొట్టి చూడాలి. కారు ఎప్పుడైనా కోపార్ట్ లాంటి వేలానికి వెళ్ళి ఉంటే నుజ్జయిన ఫొటోలు చాలాసార్లు ఇంకా అక్కడే కనిపిస్తాయి. చివరగా అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించి చూపించాలి. దానికయ్యే ఖర్చు ఒక వీకెండ్ ట్రిప్ ఖర్చు కంటే తక్కువే.

తగ్గింపు గురించి కూడా ఒక మాట. రిపోర్ట్‌లో ఎంట్రీ ఒకసారి పడితే పోదు. మీరు తక్కువకి కొన్నారంటే రేపు తక్కువకే అమ్ముతారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే ఇంకో దారి చూసుకోవడానికి 60 రోజుల వరకే గడువు ఉంటుంది. ఆ హడావుడిలో రీబిల్ట్ టైటిల్ స్పోర్ట్స్ కారుకి కొనేవాడిని వెతకడం ఎలా ఉంటుందో ఊహించండి. కుర్రాళ్ళకి, అందులోనూ స్పోర్ట్స్ కారుకి, ఇన్సూరెన్స్ ప్రీమియం ఎలాగూ ఎక్కువే. రీబిల్ట్ టైటిల్ అయితే కొన్ని కంపెనీలు పూర్తి కవరేజ్ ఇవ్వవు. ఇవన్నీ లెక్కేశాక కూడా లాభం మిగిలితేనే అది తగ్గింపు.

“ఇన్ని తిప్పలెందుకు, యాక్సిడెంట్ ఎంట్రీ ఉన్నది వదిలేస్తే పోలా?” అని మీరనొచ్చు. ఒక్కరు వదిలేస్తే ఫర్వాలేదు. అందరూ వదిలేస్తే ఏమవుతుందో జార్జ్ ఏకర్లాఫ్ అనే ఆర్థికవేత్త పనిని చదివితే అర్థమవుతుంది. ఆయన 1970లో సెకండ్ హ్యాండ్ కార్ల మార్కెట్‌ని ఉదాహరణగా తీసుకుని ఒక పేపర్ రాశారు. 2001లో ఆయనకి నోబెల్ రావడానికి ఆ పనే కారణం. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే, కొనేవాడు ప్రతి కారునీ అనుమానించి సగటు రేటే ఇస్తాడు, దాంతో మంచి కారున్నవాడు మార్కెట్ నుంచి తప్పుకుంటాడు, చివరికి చెత్త మిగులుతుంది అని ఆయన వాదన. దాన్ని మన విషయానికి పెట్టి చూడండి. ఇన్సూరెన్స్‌కి నిజం చెప్పి, బిల్లులు దాచుకుని, అన్నీ చూపించినవాడి కారుని మనం చూడగానే వద్దంటున్నాం. షెడ్డులో చాటుగా రంగు వేయించినవాడికి పూర్తి రేటు ఇస్తున్నాం. అంటే నిజం చెప్పినందుకు జరిమానా, దాచినందుకు బహుమానం. రేపు ఎవరు నిజం చెప్తారు?

ఇక మన దగ్గరికొస్తే ఆ లైను కూడా ఉండదు. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ లగ్జరీ, స్పోర్ట్స్ కార్లు అమ్మే షోరూములు కావలసినన్ని ఉన్నాయి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి వస్తాయి. ఆ బండి ఎప్పుడైనా గుద్దుకుందా అన్నది రాదు. రిపేర్ ఖర్చు బండి ఐడీవీలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్ళు టోటల్ లాస్ కింద లెక్కగడతారు, ఆ బండిని స్క్రాప్ రేటుకి అమ్ముతారు. అది బాగుపడి మళ్ళీ రోడ్డెక్కితే కొనేవాడికి తెలిసే దారి లేదు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు నీళ్ళలో మునిగాయో మనం చూశాం. వాటిలో ఎన్ని కడిగి, తుడిచి, సీటు కవర్లు మార్చి ఇప్పుడు ‘సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్’ అని అమ్మకానికి ఉన్నాయో ఎవరు చెప్పగలరు?

ఉన్న ఒకటి రెండు ఆధారాల్లో ఇన్సూరెన్స్ పాలసీ ఒకటి. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఉంటుంది. క్లెయిమ్ చేయకపోతే ఏటా 20, 25, 35, 45, 50 శాతం ఇలా పెరుగుతుంది. క్లెయిమ్ చేస్తే సున్నాకి వచ్చేస్తుంది. ఐదేళ్ళ బండికి బోనస్ సున్నా ఉంటే ఎందుకని అడగండి. రెన్యువల్ ఆలస్యమై పోయి ఉండొచ్చు, పాత ఓనర్ తన బోనస్‌ని కొత్త బండికి తీసుకెళ్ళి ఉండొచ్చు, గుద్దుకుని కూడా ఉండొచ్చు. మనలో చాలామంది కొనే సెకండ్ హ్యాండ్ కేటీఎమ్, ఆర్15 బైకులకీ ఇదే వర్తిస్తుంది.

క్లెయిమ్‌ల వివరాలు ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర ఎలాగూ ఉన్నాయి. రిజిస్ట్రేషన్ వివరాలు వాహన్ డేటాబేస్‌లో ఉన్నాయి. రెండింటికీ బండి నంబర్ ఒకటే. ఓనర్ పేరు, ఫోన్ నంబర్ అక్కర్లేదు. ఏ తేదీన క్లెయిమ్ అయింది, దెబ్బ చిన్నదా పెద్దదా, నీళ్ళలో మునిగిందా, టోటల్ లాస్ అయిందా అన్న నాలుగు కాలమ్స్ కొనేవాడికి చూపిస్తే చాలు. సీఎస్ స్టూడెంట్స్‌కి చెప్పక్కర్లేదు, ఇది టెక్నాలజీతో ఆగిపోయిన పని కాదు. ఎవరూ గట్టిగా అడగకపోవడంతో ఆగిపోయింది.

అప్పటిదాకా అమెరికాలో అయినా అమీర్‌పేటలో అయినా ఒక చిన్న పరీక్ష పనికొస్తుంది. అడ్వాన్స్ ఇచ్చేముందు “రేపు మా మెకానిక్‌తో ఒకసారి చూపించుకుంటాను” అనండి. “తీస్కెళ్ళు తమ్ముడూ” అని తాళం చేతిలో పెట్టినవాడితో బేరం మొదలుపెట్టండి, రిపోర్ట్‌లో యాక్సిడెంట్ ఉన్నా సరే. “ఇంకో పార్టీ వస్తోంది, ఇప్పుడే తేల్చు” అన్నవాడికి దండం పెట్టి వచ్చేయండి, రిపోర్ట్ ఎంత క్లీన్‌గా ఉన్నా సరే.