మంచం దిగని సహోదరుడు



2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారం వరిచేలు ఎలా ఉన్నాయో మీలో చాలామందికి నేను చెప్పనక్కరలేదు. క్రిస్మస్ వెళ్లిన తరువాత మా సంఘములోని ఒక సహోదరి వచ్చి, "అయ్యగారూ, మూడు వారాలైంది, ఆయన మంచం దిగడం లేదు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటున్నాడు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నాడు" అని కన్నీళ్లు పెట్టుకుంది.

నేను వెళ్లి ఏమి చేశాను? ప్రార్థన చేసి, "విశ్వాసం తగ్గిందన్నా, లేచి దేవుణ్ణి స్తుతించండి" అని చెప్పి వచ్చాను. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. కుంగిన మనిషి తాను ఎందుకూ పనికిరానని అప్పటికే నమ్ముతూ ఉంటాడు. దేవుని దగ్గర కూడా పనికిరాడని నేను ముద్ర వేసి వచ్చాను. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

వారం తరువాత ఆయనను మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాము. డాక్టరుగారు అడిగిన ఒక ప్రశ్నకు నేను ఉలిక్కిపడ్డాను. "చనిపోవాలని అనిపిస్తోందా?" అన్నారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని ఇన్నేళ్లూ నా భయం. అడిగినందువల్ల పుట్టదనీ, అడగకపోవడమే ప్రమాదమనీ ఆయన చెప్పారు. మన సహోదరుడు మెల్లగా తల ఊపాడు. ఆ సాయంత్రమే వాళ్ల పశువుల కొట్టంలోని పురుగుమందు డబ్బాలన్నీ మా ఇంటికి తెచ్చి తాళం వేశాను.

ఇది సోమరితనం కాదు, డిప్రెషన్ అనే జబ్బు అన్నారు డాక్టరుగారు. మాత్రలు రాసి, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందనీ, తనను అడగకుండా మధ్యలో మానవద్దనీ చెప్పారు. వాటితోపాటు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే పద్ధతిని వివరించారు. ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు 1960లలో మొదలుపెట్టిన దారి ఇది. కుంగినవారి మనసులోకి కొన్ని తలంపులు పిలవకుండానే వస్తాయి, వాళ్లు వాటిని విచారించకుండా నిజమని నమ్ముతారు అని ఆయన గమనించాడు. ఆ తలంపును బయటికి తీసి, దానికి సాక్ష్యం ఉందా అని రోగితో కలిసి చూడడమే ఇందులో ముఖ్యమైన పని. నేను చదివింది థియాలజీ డిప్లొమా, వైద్యం కాదు. అయినా డాక్టరు చెప్పినంతవరకు ఇంటివాళ్లూ నేనూ తోడుండవచ్చన్నారు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చినవారికి, డాక్టర్లు కాని మామూలు మనుషులే శిక్షణ పొంది, ఇందులోని పనుల భాగాన్ని 6 నుండి 8 సార్లు కూర్చుని చేయించారు. దానివల్ల మేలు కలిగిందని 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది.

మేమూ పనితోనే మొదలుపెట్టాము. మనసు బాగుపడితే లేస్తాడని మనం కనిపెడుతూ ఉంటాము. కాస్త లేస్తేనే మనసు కదులుతుందట. ఆయనకు గేదె అంటే ప్రాణం. రోజూ పది నిమిషాలు దాన్ని కాలువదాకా తోలుకెళ్లాలి, అంతే. వెళ్లేముందు, వచ్చాక మనసు ఎలా ఉందో పదికి మార్కులు వేయాలి. చిన్నమ్మాయి తన నోటుపుస్తకంలో రాసేది. మొదటి రోజు రెండు, వచ్చాక కూడా రెండే. నాలుగో రోజు రెండు, తరువాత మూడు. మధ్యలో నాలుగు రోజులు మళ్లీ మంచం ఎక్కాడు. ఎవరూ కోప్పడలేదు.

ఒక సాయంత్రం ఆయనే నోరు విప్పాడు. "నా వల్లే ఇల్లు మునిగింది అయ్యగారూ. నాలుగు రోజులు ముందే కోయించాల్సింది."

ఇదివరకైతే "అలా అనుకోకూడదు" అనేవాడిని. ఈసారి, "ముందు కోయించినవాళ్ల సంగతేమిటన్నా?" అని అడిగాను.

చాలాసేపు పలకలేదు. "మా బావమరిది కోయించాడు. పనలు నీళ్లలో తేలి మొలకలొచ్చాయి."

"మరి ఆయన ఇల్లు ఆయనే ముంచుకున్నాడా?"

"వాడేం చేస్తాడు పాపం, వానకి..." అని ఆగిపోయాడు.

ఆ మాట నేను చెప్పి ఉంటే వినేవాడు కాడు. ఇంటికి వస్తూ దారిలో ఏలీయాను తలచుకున్నాను. 1 రాజులు 19వ అధ్యాయంలో ఆయన చావు కోరుకుని చెట్టుకింద పడుకుంటే, దేవదూత రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. ఏలీయాను దేవుడు ప్రశ్న అడిగాడు. నేనొక్కడినే మిగిలానన్న మాటకు ఏడు వేలమంది ఉన్నారని లెక్క చెప్పింది తరువాతే. ఎన్నోసార్లు ఆ అధ్యాయం మీద ప్రసంగించాను. రొట్టె సంగతి తొందరగా దాటేసేవాడిని.

మీ ఇంట్లో ఇలాంటివారు ఉంటే ఒంటరిగా వదలకండి, మందు డబ్బాలు వారికి అందకుండా దాచండి. ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416. రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడతారు.

మరుసటి పంటకు దోమ పడినప్పుడు ఆ సహోదరుడు మా గుమ్మంలోకి వచ్చి, "డబ్బాలు కావాలి అయ్యగారూ, చేనుకు కొట్టాలి" అన్నాడు. నేను వెంటనే తాళం తీయలేదు. డాక్టరు అడిగిన ప్రశ్నే అడిగాను. "లేదండీ, ఇప్పుడు లేదు" అని నా కళ్లలోకి చూసి చెప్పాడు. ఒక్క డబ్బా తీసుకుని ఇద్దరం కలిసి చేనుకు వెళ్లాము. మిగిలింది మళ్లీ మా ఇంటికే తెచ్చాను. ఆయనే మోసుకొచ్చి ఇచ్చాడు.