మేడ ఎక్కని మరమ్మతు

మొన్న వానాకాలంలో ఊరికి వెళ్లేసరికి టీవీ బల్ల మీద కొత్త సెట్‌టాప్ బాక్సు కనిపించింది. పాతదానికేమైందని అమ్మను అడిగాను. “పోయిందన్నాడు నాయనా. డబ్బు కడితే మార్చి వెళ్లాడు” అంది. ఎండ కాసిన నాలుగు రోజులూ బొమ్మ బాగానే వచ్చిందట. నేనున్న రోజు సాయంత్రం జల్లు పడింది. వాన వెలిసి గంటైనా తెర మీద “సిగ్నల్ లేదు” అన్న మాటే.

మర్నాడు ఇంకో కుర్రాడొచ్చాడు. చెప్పులు విప్పుతూనే “మేడ మీదికి దారెటమ్మా?” అన్నాడు. అరగంటకు దిగొచ్చి అరచెయ్యి చాపాడు. అందులో వేలి కణుపంత పిన్ను, లోపలి రాగి తీగకు పచ్చటి చిలుము. “బాక్సుకేం కాలేదండీ. వైరు వెంట వాననీళ్లు పిన్నులోకి దిగాయి” అన్నాడు. డిష్ గొడుగు ముందుండే ఎల్‌ఎన్‌బీ దగ్గర వైరును కిందికి వంపు తిప్పి కడితే నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. బిగించిన నాడు ఎవరో ఆ వంపు వదలలేదు.

అమ్మ మొదటి కుర్రాణ్ని తిట్టుకుంది. నాకు మాత్రం అతని మీద కోపం నిలవలేదు. చాలాచోట్ల ఈ కుర్రాళ్లు కంపెనీ ఉద్యోగులు కారు. డీలరు కింద పనికింత అని తీసుకునేవాళ్లు. పెట్రోలు వాళ్లదే, నిచ్చెన వాళ్లదే, జారిపడితే విరిగే కాలూ వాళ్లదే. బాక్సు మార్చడానికి పది నిమిషాలు చాలు. మేడెక్కి, వైరు పొడుగునా తడిమి, తెగినచోటు పట్టుకోవడానికి పూటంతా పట్టొచ్చు. ఆ పూటకు ఎవరూ పైసా ఇవ్వరు. కంప్లైంటు మూయాలంటే ఓటీపీ కావాలి కాబట్టి పని తేలకముందే “ఓటీపీ చెప్పండమ్మా” అని అడుగుతారు. లెక్కల్లో ఆ కంప్లైంటు తీరిపోయినట్టే.

లోపం ఎక్కడుందో కనుక్కోవడం అంత కష్టమేమీ కాదు. బాక్సు మెనూలో సిగ్నల్ స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలుంటాయి. స్ట్రెంగ్త్ నిండుగా ఉండి క్వాలిటీ సున్నా అయితే గొడుగు పక్కకు తిరిగి ఉండొచ్చు. రెండూ సున్నా అయితే వైరునో ఎల్‌ఎన్‌బీనో అనుమానించాలి. సగం ఛానెళ్లు వచ్చి సగం రావడం లేదంటే అదీ ఒక గుర్తే. బాక్సు వైరు గుండా పైకి 13 వోల్టులో 18 వోల్టులో పంపుతుంది, ఎల్‌ఎన్‌బీ దాన్నిబట్టి నిలువు తరంగాలనో అడ్డ తరంగాలనో పట్టుకుంటుంది. తుప్పుపట్టిన పిన్ను దగ్గర ఆ 18 తగ్గిపోతే ఒక వాటా ఛానెళ్లు మాయమవుతాయి. అసలు లోపమే లేని సందర్భాలూ ఉన్నాయి. కుండపోత వానలో బొమ్మ పోయి పావుగంటకు తిరిగొస్తే అది ఈ ప్రసారాలు వచ్చే కేయూ బ్యాండ్ తరంగాల స్వభావం. మార్చి, అక్టోబరు నెలల్లో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చే కొన్ని రోజులు పగటిపూట కొద్ది నిమిషాలు ప్రసారం ఆగుతుంది. ఇవి తెలిస్తే సగం కంప్లైంట్లు పుట్టకపోవచ్చు. వీటిని ప్రతి ఇంటికీ చెప్పడం కంపెనీల పని.

గొడుగు తిరగడమంటే ఎంత తిరగాలి? మన ఆకాశంలో ఆ ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. ఇక్కడ ఒక్క డిగ్రీ జరిగితే అక్కడ ఆరువందల కిలోమీటర్లకు పైగా తేడా. కోతి ఎక్కి ఊగినా, బట్టలారేసే తాడు గొడుగు కాడకు కట్టినా, సంక్రాంతికి చిక్కుకున్న గాలిపటాన్ని పిల్లలు లాగినా ఆ మాత్రం జరుగుతుంది.

2010 జులైలో దక్షిణాదిలో చాలా ఇళ్లకు ఇది అనుభవమైంది. 93.5 డిగ్రీల తూర్పున ఉన్న ఇన్శాట్-4బీకి సౌరఫలకాల నుంచి రావలసిన విద్యుత్తు తగ్గిపోయి, సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సి వచ్చింది. దాని మీద నడిచే సన్ డైరెక్ట్ డీటీహెచ్ ప్రసారాలు 91.5 డిగ్రీల దగ్గరున్న మీశాట్-3కి మారాయి. ఉపగ్రహాల మధ్య దూరం రెండే డిగ్రీలు. ఆ రెండు డిగ్రీలు తిప్పడానికి ఏ రిమోటూ పనికిరాదు. ఒక మనిషి స్పానరు పట్టుకుని మేడెక్కాలి, గొడుగును వెంట్రుకవాసి చొప్పున కదుపుతూ కిందికి కేక వేయాలి, “వచ్చిందా?” అని. లోపం అంతరిక్షంలోది. గుమ్మంలో నిలబడి మాటలు పడింది మాత్రం ఈ కుర్రాళ్లే.

దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉన్న ఇళ్లలో ఈ సంగతి వేరుగా నడుస్తుంది. అక్కడ నెలవారీ చందా లేదు, కాల్ సెంటరు కుర్రాడు రాడు. బజారులో బాక్సు అమ్మిన కొట్టతనే వచ్చి చూస్తాడు. పోయిందేమిటో చెప్పి, దానికే డబ్బు తీసుకుంటాడు. రేపు మళ్లీ అదే వీధిలో తిరగాలి కాబట్టి మేడెక్కుతాడు. నెలనెలా ముందుగా డబ్బు కట్టే మనకు ఆపాటి మరమ్మతు అందకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 నిబంధనలు రిపేరుకు వచ్చినందుకు ఇంతకు మించి తీసుకోకూడదని హద్దు గీశాయి. 2024 సవరణల్లో ఆ హద్దు తీసేసి, ఛార్జీ ఎంతో ప్రకటిస్తే చాలన్నారు. సరే, ధర కంపెనీల ఇష్టమే అనుకుందాం. ఆ ధరకు ఏం చేశారో కాగితం మీద పెట్టే బాధ్యత కూడా వాళ్ల మీద పెట్టాలి కదా! పిన్ను పోయిందా, వైరు తెగిందా, ఎల్‌ఎన్‌బీ కాలిందా, బాక్సే చెడిందా అని రాసిన రెండు వాక్యాల చీటీ. బాక్సు మార్చేముందు పనిచేసే ఇంకో బాక్సు అదే వైరుకు తగిలించి, ఎల్‌ఎన్‌బీ దగ్గర మీటరు పెట్టి చూసినట్టు అందులో ఉండాలి. మేడెక్కి వెతికిన గంటకు ఆ కుర్రాడికి కూలి కట్టాలి, బాక్సు మార్చినదానికంటే ఎక్కువే కట్టాలి. చేతిలో చీటీ ఉంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోన్ చేసినప్పుడు చెప్పడానికి ఆధారం ఉంటుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా అయిదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. అమ్మ దగ్గర ఇప్పుడున్నది డబ్బు కట్టినట్టు వచ్చిన మెసేజ్ ఒక్కటే. ఎందుకు కట్టిందో అందులో లేదు.

రెండో కుర్రాడు ఏ చీటీ ఇవ్వలేదు, అతని దగ్గర ఉంటే కదా. వెళ్లేముందు బాక్సు తిరగేసి, మార్కరుతో తారీఖు వేసి రాశాడు: పిన్నులు రెండు కొత్తవి, ఎల్‌ఎన్‌బీ పాతదే, వైరు బాగుంది. “ఎందుకు బాబూ?” అని అమ్మ అడిగింది. “ఈసారి నేనే వస్తానో ఇంకెవరొస్తారో అమ్మా, వచ్చినవాడు మొదట ఇది చదవాలి” అన్నాడు. తర్వాత ఓటీపీ అడిగాడు.