కర్రతో పోని రోగం

రాత్రిపూట చేను కాడ కాపలా ఉండే కుక్క విలువ మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. చైనాలో మాత్రం ఒకప్పుడు సర్కారుకు కుక్కంటే గిట్టేది కాదు. 1983లో బీజింగ్ నగరంలో కుక్కల పెంపకాన్నే నిషేధించారు. 1995 నుంచి అనుమతిచ్చినా మొదటి ఏడాది రుసుము 5,000 యువాన్లు! సామాన్యుడు ఎక్కడ కడతాడు? 2003లో దాన్ని 1,000కి తగ్గించారు.

పల్లెల్లో ఇంకా ఘోరం. 2006లో యునాన్ రాష్ట్రంలోని మౌడింగ్ ప్రాంతంలో రేబిస్‌తో ముగ్గురు చనిపోతే, కొద్ది రోజుల్లోనే సుమారు 50,000 కుక్కలను చంపేశారు. టీకా వేయించిన వాటినీ వదల్లేదు. అలాగైతే రేపు టీకా ఎవరు వేయిస్తారు? మరుసటి ఏడాది చైనా మొత్తమ్మీద రేబిస్ మరణాలు దాదాపు 3,300. కర్రతో రోగం పోలేదు.

కుక్కను ఇంటిమనిషిలా చూసుకునే జనం పెరిగారు. చట్టమూ మారింది. 2020లో వ్యవసాయ శాఖ కుక్కను పశుసంపద జాబితాలో చేర్చలేదు. షెన్‌జెన్ నగరం కుక్కమాంసాన్ని నిషేధించింది. కరిచిన వెంటనే మనుషులకు సూదిమందు, కుక్కలకు టీకాలు పెరిగాక ఆ ఏడాది మరణాలు 200 దగ్గరికి దిగాయి. 2021 మే 1 నుంచి టీకా వేయించడం, బయటికి తెస్తే తాడు కట్టడం పెంచేవారి బాధ్యతే.

ఇది న్యాయమే. అయితే టీకా పల్లె గడప దాకా రావాలి. అది మనం గట్టిగా అడగాలి. ఈలోగా మీ కుక్కను పశువుల ఆస్పత్రికి తోలుకెళ్లండి. కరిస్తే పసర్లు వద్దు. సబ్బునీళ్లతో పావుగంట కడిగి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి.