ఆ పదమూడు నెలల సంగతి ఇంట్లో అడగనివ్వండి

ప్రియమైన తల్లిదండ్రులకు,

"సోషలేగా, పరీక్ష ముందు రోజు చదివితే చాలు" అని మనం అంటుంటే పిల్లలు వింటుంటారు.

మన హైదరాబాద్ భారతదేశంలో ఎప్పుడు కలిసిందని తొమ్మిదో తరగతిలో అడిగాను. చాలామంది 1947 ఆగస్టు 15 అన్నారు. నిజానికి కలిసింది పదమూడు నెలల తర్వాత, సైనిక చర్యతో, 1948 సెప్టెంబర్ 17న. ఆ రోజును కొందరు విలీనమంటారు, కొందరు విమోచనమంటారు. ఎందుకలా అంటారో వెతికిన పిల్లలకు దేశమంటే జెండా వందనం ఒక్కటే కాదని, అందులో తమ ఊరి కథ కూడా ఉందని తెలుస్తుంది. అప్పుడే అది తమ దేశమనిపిస్తుంది.

ఈ ఆదివారం ఆ రోజుల గురించి తాతయ్య, నానమ్మలు తమ పెద్దల నుంచి విన్నది అడిగి, ఒక పేజీ రాసుకు రమ్మనండి. క్లాసులో చదివిస్తాను. మార్కులు మాత్రం ఉండవు.